కంటికి తెలుగు, చెవికి గందరగోళము

శెనక్కాయ పైరు ఎండిపోయిన ఒకానొక సంవత్సరమున, పెట్టుబడి రాయితీ జాబితా ఫోనులలోనికి వచ్చిన దినమున, మడకశిర ప్రాంతపు పల్లెలో నున్న మా చిన్నాయన, చూపు పోయి చాలకాలమైనను తెరపై నున్నదానిని చదివి వినిపించెడి స్క్రీన్ రీడర్ సాయమున ఫోనును తానే వాడుకొనువాడు, వ్రేలు రాచి రాచి విసిగి, నన్ను పిలిచి "ఏమిరా నాయనా, ‘చిత్రం’ అని చెప్పి గమ్మునుండాది, నా పేరుండాదో లేదో చూడు" అనెను. గోడకంటించిన కాగితమునకు ఎవరో ఫోటో తీసి పంపినారు. చూపుగలవారికది నూరు పేర్ల జాబితా. ఆయనకది ఒక్క మాట.

పంపినవారిని అడుగగా, "కంప్యూటరులోనిదే కదా, చదువుకొనవచ్చును" అనిరి. ఈ విషయమున వ్యాపించియున్న అపోహలలో ఇది మొదటిది.

అపోహ: కంప్యూటరులో నున్నదెల్ల చదువుటకు వీలైనదే.

స్కాను చేసి పీడీఎఫ్‌గా మార్చిన కాగితము, పేరు పీడీఎఫ్ అయినను, ఫోటోయే. అందు అక్షరములు లేవు, అక్షరముల నీడలు మాత్రమున్నవి. నీడనుండి అక్షరమును గుర్తించు సాధనములు తెలుగునకును వచ్చినవి గాని, మాసిన కాగితముమీద 3 ను 8 గా చదువు యంత్రమును నమ్మి సర్వే నెంబరు సరిచూచుకొనుమని రైతునకు ఎవరు చెప్పగలరు?

అపోహ: టైపు చేసిన తెలుగైనచో చాలును.

ఇది మిక్కిలి బలమైన అపోహ. అచ్చుకూటములలో పెరిగినవారమగుటచే మనకు సహజమైనదియు. ‘అను’ మొదలగు పాత ఫాంట్లలో టైపు చేసినపుడు తెరపై "మడకశిర" యని చక్కగా కనబడును గాని, ఫైలులో దాగియున్నవి తెలుగక్షరములు కావు, ఆంగ్లాక్షరములును చిత్రవిచిత్రమైన గుర్తులును. తెలుగు ఆకారములను ఆంగ్లాక్షరముల చోట్లలో కూర్చోబెట్టి, వేషము వేసి, అచ్చునకు పంపుట ఆ కాలపు ఉపాయము. కాగితమునకు వేషము చాలును. స్క్రీన్ రీడర్ మాత్రము వేషమును చూడదు, లోనున్న సంకేతమునే పలుకును. కావున తెలుగు వినగోరి చెవియొగ్గినవానికి ఆంగ్లాక్షరముల గలగల వినబడును. యూనికోడునందు, 1991లో వచ్చిన తొలి కూర్పునుండియు, తెలుగునకు 128 స్థానముల ప్రత్యేకమైన పేట గలదు. దానిని ఆనుకొనియే కన్నడమునకు మరి 128. సరిహద్దున కాపురముండి రెండు భాషలను ఒక్క నోట పలుకు మడకశిరవారికి ఈ ఇరుగుపొరుగుతనము వింతగా తోచదు. యూనికోడులో టైపు చేసినచో ఏది తెలుగో, ఏది కన్నడమో యంత్రమునకు తెలియును; వేషపు ఫాంటులో రెండును ఒక్కటే గలగల.

అందముకొరకు "మ డ క శి ర" యని అక్షరముల నడుమ ఖాళీలు విడుచు అలవాటొకటి గలదు. యంత్రము దానిని అట్లే, నత్తివానివలె, విడివిడిగా పలుకును.

అపోహ: పెద్ద అక్షరములలో, ముదురుగా వ్రాసినదే శీర్షిక.

కంటికది నిజము. కంప్యూటరులో ఎన్‌వీడీఏ అను స్క్రీన్ రీడర్ వాడువారు మాత్రము హెచ్ మీట నొక్కి ఒక శీర్షికనుండి మరియొక శీర్షికకు దుముకుదురు, మనము పత్రికలో కనుచూపుతో పుటను జల్లెడపట్టినట్లు. వర్డులో "హెడింగు" అను శైలిని ఎన్నుకొనినపుడే ఆ మెట్లు ఏర్పడును. ముదురుచేసి ఊరకున్నచో నలువది పుటల ఉత్తరువును మొదటినుండి తుదివరకు వినుటయే గతి. పట్టికయు నంతే: స్పేసుమీట కొట్టి కొట్టి వరుసలు కుదిర్చిన జాబితాలో ఏ అంకె ఎవరిదో చెవికి తెలియదు. నిజమైన పట్టికను చేర్చి, మొదటి వరుసను తలవరుసగా గుర్తించినచో, గడి గడికి "విస్తీర్ణము", "మొత్తము" అని యంత్రమే చెప్పును.

అపోహ: చెవికి అందునట్లు వ్రాయుట వ్యయముతో కూడినది, దయగలవారు చేయదగిన ఉపకారము.

ఎన్‌వీడీఏ ఉచితము, 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధయువకుడు ప్రారంభించినది, జేమ్స్ తే అను మరియొక అంధుడు తోడై పెంచినది. ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అను స్క్రీన్ రీడర్ ఊరకయే దొరకును. ఉపకారమను మాటకు చట్టమే సమాధానము: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 42వ సెక్షను ఈ సౌలభ్యమును ప్రభుత్వబాధ్యతగా చేసినది, సౌలభ్యప్రమాణములను సలహాలవలె వదలివేసిన నియమమును సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణములను రూపొందింపుమనెను, డిజిటల్ సౌలభ్యము జీవించు హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న మరియొక తీర్పులో చెప్పెను.

నేనా సాయంకాలము మా ఊరి పేర్లను మాత్రము యూనికోడులో, తలవరుసతో పట్టికగా టైపు చేసి చిన్నాయనకు పంపితిని, గంట పట్టినది. ఆయన అరుగుమీద కూర్చుండి వ్రేలితో ఒక్కొక్క గడి జరుపుచు వినెను. యంత్రము ఆయన ఇంటిపేరును వంకరగా పలికినది, విస్తీర్ణము సరిగా చెప్పినది. సంతోషించునని తలంచితిని గాని, ఆయన అంతటితో ఆగక పొరుగువారి వరుసలోనికి జరిగి, మరల వెనుకకు వచ్చి, రెండవసారి విని, ముఖము చిట్లించి,

"వానికి యాడుండాదిరా నాలుగెకరాలు?" అనెను.