ముత్యాన్ని బెజ్జం దగ్గర చూడాలి

ముత్యాల దండ చేతికిస్తే అందరూ మెరుపు చూస్తారు. మేం బెజ్జం చూస్తాం. హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ముత్యాలు గుచ్చే పనిలోనే నా జుట్టు నెరిసింది. మా మామగారి దగ్గర నేర్చుకున్న పని ఇది. ఏ దండ వచ్చినా ఆయన ముందు దారం తెంపి, ముత్యాలను తెల్ల గుడ్డ మీద పోసి, ఒక్కొక్కటీ సూది మొనకు ఎక్కించి భూతద్దం కింద తిప్పి చూసేవారు. ధర మాటైనా మరమ్మతు మాటైనా ఆ తర్వాతే.

"అక్కా, ఇవి అసలువేనా?" అని అడుగుతారు వచ్చినవాళ్లు. అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పే ప్రశ్న కాదది. ముత్యం పేరుతో బజారులో తిరిగేవి మూడు రకాలు. మనిషి చెయ్యి పడకుండా ఆల్చిప్పలో తనంతట తాను పుట్టింది సహజ ముత్యం. చిప్పను తెరిచి, లోపల చిన్న కోత పెట్టి, మళ్లీ నీళ్లలో పెంచి తీసింది కల్చర్ ముత్యం. గాజు పూసకో ప్లాస్టిక్ పూసకో మెరుపు పూత పూసింది నకిలీ. మొదటి రెండూ ప్రాణి చేసినవే కాబట్టి రెండూ అసలు ముత్యాలే. కాకపోతే కల్చర్ ముత్యాన్ని సహజ ముత్యమని చెప్పి అమ్మితే అది పచ్చి మోసం. నకిలీని అంటగట్టడం కంటే పెద్ద మోసం అదేనంటాను నేను, ఎందుకంటే అందులో పోయే డబ్బు చాలా ఎక్కువ, కంటికి దొరికే అవకాశం చాలా తక్కువ.

స్వాతి కార్తెలో పడ్డ చినుకు ముత్యమవుతుందని పెద్దలు చెప్పారు. ఇసుక రేణువు దూరితే అవుతుందని బడిలో చెప్పారు. ఎక్కువగా జరిగేది వేరు. ఏ పురుగో తొలిచి చిప్ప లోపలి పొర దెబ్బతిన్నప్పుడు, ఆ పొర కణాలు కొన్ని కండలోకి జారి చిన్న సంచిలా కుదురుకుంటాయి. చిప్ప లోపలి గోడకు వేసే మెరుపు పొరనే ఆ సంచి కూడా వేస్తుంది, పొర మీద పొర, ఏళ్ల తరబడి. ఆ పొరల్లో ఎక్కువ భాగం కాల్షియం కార్బోనేటు, అంటే కోడిగుడ్డు పెంకులో ఉండేదే. వాటిని కలిపి పట్టి ఉంచేది కొద్దిపాటి జిగురులాంటి ప్రోటీను. ఇది గుర్తుపెట్టుకోండి, ముత్యాన్ని ఎలా కాపాడుకోవాలో తెలియాలంటే మళ్లీ దీని దగ్గరికే రావాలి.

సముద్రం లేని హైదరాబాద్‌కు ముత్యాల ఊరని పేరు రావడానికి కారణం ఇక్కడి పాలకుల మోజు. బహ్రెయిన్ చుట్టుపక్కల గల్ఫ్ జలాల్లో ఊపిరి బిగబట్టి మునిగి తీసిన ముత్యాలు బస్రా రేవు పేరుతో ఇక్కడికి చేరేవి. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నిజాం నగల్లో ఏడు పేటల బస్రా ముత్యాల సత్లడా ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు నేనూ వరుసలో నిలబడి చూశాను. తెలుపు కాదది, లోపల ఎక్కడో పసిమి ఉన్న తెలుపు. చుట్టూ ఉన్నవాళ్లు వజ్రాల వైపు కదిలిపోయినా నాకు అక్కణ్నుంచి కాలు కదలలేదు.

ఆ కాలం పోయింది. 1893లో జపాన్‌కు చెందిన మికిమోతో కోకిచి చిప్పలో అర్ధగోళాకారపు ముత్యాన్ని పెంచి చూపించాడు. తర్వాతి దశాబ్దాల్లో గుండ్రటి కల్చర్ ముత్యాలు లోకమంతా నిండాయి. గల్ఫ్‌లో చమురు దొరికాక మునిగేవాళ్లూ తగ్గారు. మన దేశంలో 1973లో తూత్తుకుడిలో సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు కల్చర్ ముత్యాన్ని సాధించారు. కానీ ఇవాళ చార్మినార్ చుట్టుపక్కల అమ్ముడయ్యేవాటిలో చాలామటుకు చైనా చెరువుల్లో పెరిగిన మంచినీటి ముత్యాలే. ఒక్కో చిప్పలో పదుల కొద్దీ కాస్తాయి. వాటి లోపల మామూలుగా పూస పెట్టరు, చిన్న కండ ముక్క మాత్రమే పెడతారు. అందుకని లోపలినుంచి పైదాకా అంతా ముత్యపు పొరే. జపాన్ సముద్రపు ముత్యంలో అలా కాదు. లోపల చిప్ప నుంచి కోసి గుండ్రంగా చేసిన పూస ఉంటుంది, పైన పొర చాలాసార్లు అర మిల్లీమీటరు కూడా ఉండదు. పొర పల్చనైతే కొన్నేళ్లకే అరిగి లోపలి పూస కనిపిస్తుంది.

ఇక బెజ్జం సంగతి. నగల దుకాణంవాళ్లు వాడే పదింతలు చూపే భూతద్దం ఒకటి చాలు. అసలు ముత్యానికి బెజ్జం అంచు శుభ్రంగా, గట్టిగా ఉంటుంది. పూస పెట్టి పెంచినదైతే పై పొరకూ లోపలి పూసకూ మధ్య సన్నటి గీత కనిపిస్తుంది, ఒక్కోసారి గోధుమరంగులో. నకిలీకి అంచు దగ్గర పూత పొక్కిపోయి ఉంటుంది, లేదా రంగు కారి గడ్డకట్టినట్టు చిన్న కట్ట కడుతుంది. దాని కింద గాజు మెరుస్తుంది. రంగు వేసిన ముత్యమూ ఇక్కడే దొరికిపోతుంది. నల్లగా, బంగారు రంగులో కనిపించే చవక ముత్యాల్లో రంగు బెజ్జం చుట్టూ చిక్కగా పేరుకుంటుంది, దారానికి కూడా అంటుతుంది.

మొన్న శ్రావణంలో ఒకావిడ అత్తగారి గుట్టపూసల హారం తెచ్చింది. కూతురి పెళ్లికి మళ్లీ గుచ్చించాలట. గుట్టపూసలంటే చిన్న చిన్న ముత్యాలు గుత్తులుగా అంచు పొడవునా వేలాడే మన పాత నగ. దూరం నుంచి చూస్తే ఏ లోటూ లేదు. గుత్తులు విప్పి గుడ్డ మీద పోస్తే అసలు కథ బయటపడింది. పాత ముత్యాలు కొన్ని గుండ్రం, కొన్ని వంకర, ఒకదాని ఛాయ ఇంకొకదానికి లేదు. వాటి మధ్యలో అచ్చు పోసినట్టు ఒకే కొలత, ఒకే తెలుపు ఉన్నవి కొన్ని. వాటిని సూదికెక్కించి చూస్తే బెజ్జం దగ్గర పూత పెచ్చులూడుతోంది. ఎప్పుడో మరమ్మతుకు ఇచ్చినప్పుడు మారిపోయాయి. "ఇచ్చేటప్పుడు లెక్కపెట్టలేదక్కా" అందామె. అసలువీ నకిలీవీ రెండు పొట్లాలు కట్టి ఇచ్చాను. ఖాళీ అయిన గుత్తుల్లోకి మంచినీటి ముత్యాలు ఎంచి వేశాం, పాతవాటి ఛాయకు దగ్గరగా ఉన్నవి.

భూతద్దం లేనివాళ్లకు పంటి పరీక్ష ఉంది. ముత్యాన్ని ముందు పళ్ల అంచుకు మెల్లగా రాసి చూడండి. అసలుదైతే సన్నటి గరుకు తెలుస్తుంది, నకిలీ నున్నగా జారిపోతుంది. రెండు ముత్యాలను ఒకదానికొకటి రుద్దినా అంతే, అసలువి పట్టుకున్నట్టు కదులుతాయి. అరచేతిలో పోసుకుంటే ప్లాస్టిక్‌వి తేలిగ్గా ఉంటాయి. ఇవన్నీ నకిలీని పట్టిస్తాయి గానీ సహజమో కల్చరో చెప్పవు. ఆ తేడా నమ్మకంగా తేల్చాలంటే ఎక్స్‌రే తీసే రత్నాల ల్యాబ్ సర్టిఫికెట్ ఉండాలి. నోటి మాటగా "బస్రా" అంటూ పెద్ద ధర చెప్తే, సర్టిఫికెట్ చూపించమని అడగండి. మొహమాటం అక్కర్లేదు.

కొన్ని దుకాణాల్లో లైటర్ వెలిగించి ముత్యం మీద మంట పెట్టి చూపిస్తారు. కొనేవాళ్లు అదే గొప్ప రుజువనుకుంటారు. గాజు పూస కూడా కాసేపు మంటకు నిలుస్తుంది, కాబట్టి అది ప్లాస్టిక్ కాదని తప్ప మరేమీ తేలదు. పైగా వేడికి ముత్యంలోని జిగురు ఎండి పొరలు బీటలు వారతాయి. మీరు కొనబోయే ముత్యం మీద ఆ పని చెయ్యనివ్వకండి. నిమ్మరసంలో, వెనిగర్‌లో వేసి చూడమనేవాళ్ల మాట అసలే వినకండి. పులుపులో కరిగేది అసలు ముత్యమే.

బంగారు నగలో ముత్యాలుంటే ఇంకో మెలిక ఉంది. హారం మీద బీఐఎస్ గుర్తు, 22కే916, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉంటాయి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. తప్పకుండా చూసుకోండి. కానీ ఆ ముద్ర చెప్పేది బంగారం స్వచ్ఛత ఒక్కటే. ముత్యాల గురించి అది ఏమీ చెప్పదు. బిల్లులో బంగారం నికర బరువు విడిగా, ముత్యాల బరువు విడిగా రాయించుకోండి. రెండూ కలిపి తూచి బంగారం ధర కడితే పూసలకూ బంగారం డబ్బే ఇచ్చినట్టు.

నా దగ్గరికొచ్చే పాడైన ముత్యాల్లో నకిలీవి కొన్నే. ఎక్కువ భాగం అసలువే, ఇంట్లో మనమే చంపుకున్నవి. పండగకు ముందు నగలన్నీ కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో తోమడం మన ఇళ్లలో అలవాటు. బంగారం తట్టుకుంటుంది. ముత్యం తట్టుకోదు. కుంకుడు రసానికి పులుపు గుణం ఉంది, చింతపండుకు మరీ ఎక్కువ. గుడ్డు పెంకును చింతపండు పులుసులో వేస్తే ఏమవుతుందో ముత్యానికీ అదే అవుతుంది, కాకపోతే మెల్లగా. మెరుపు పోయి సున్నం కొట్టినట్టు తెల్లబడ్డ దండలు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒకసారి అలా అయ్యాక నేను గానీ ఇంకెవరు గానీ దానికి పాత కళ తేలేం. వంటసోడా, టూత్‌పేస్టు, నగలు కడిగే మిషన్లు కూడా వద్దు.

పెళ్లికి ముస్తాబయ్యేటప్పుడు సెంటు, హెయిర్‌స్ప్రే, పౌడరు అన్నీ అయ్యాకే ముత్యాలు పెట్టుకోండి. ఇంటికొచ్చాక ముందు తీసేవి అవే కావాలి. తీసిన వెంటనే మెత్తటి నూలు గుడ్డను నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఒక్కొక్క ముత్యాన్నీ తుడవండి. మన ఎండల్లో చెమట మెడ వెనక ముత్యాలను ముందు తింటుంది, అక్కడ ఇంకాస్త శ్రద్ధ పెట్టండి. దండను వేలాడదీయకుండా పరిచి ఆరనివ్వండి, తడి దారం సాగుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో కాకుండా మెత్తటి గుడ్డ సంచిలో దాచండి. వజ్రాలు, బంగారు గాజులతో కలిపి పెడితే గీతలు పడతాయి, ముత్యం అంత మెత్తన. ఏళ్ల తరబడి లాకర్లో వదిలేస్తే అక్కడి పొడి గాలికి ఎండిపోతాయి. అప్పుడప్పుడు తీసి పెట్టుకోండి, పేరంటానికైనా సరే.

దారం సంగతి ఎవరూ పట్టించుకోరు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉందో లేదో చూడండి. ముడి ఉంటే తెగినా ఒక్కటే జారుతుంది, ఒకదాన్నొకటి రాసుకోవు కూడా. దండను పైకెత్తి పట్టుకున్నప్పుడు ముడికీ ముత్యానికీ మధ్య సందు కనిపించినా, దారం నల్లబడినా, తిరిగి గుచ్చించే వేళయిందన్నమాట. తరచుగా పెట్టుకునేవాళ్లు ఏడాదికోసారి, పండగలకే తీసేవాళ్లు రెండు మూడేళ్లకోసారి గుచ్చిస్తే చాలు.

ఇచ్చే ముందు ముత్యాలు లెక్కపెట్టి, బరువు తూయించి, ఫోనులో దగ్గరగా ఫొటో తీసి, చీటీ మీద సంఖ్య రాయించుకోండి. వీలైతే ఎదుట కూర్చుని గుచ్చించుకోండి, మంచి పనివాళ్లు దానికి ఏమీ అనుకోరు. ముడులు వేసినప్పుడు దండ పొడవు పెరిగి ఒకటి రెండు ముత్యాలు మిగలవచ్చు. వాటిని అడిగి ఇంటికి తీసుకెళ్లండి. రేపు ఒకటి పగిలితే అదే ఛాయది మళ్లీ దొరకదు.