ఉత్తరాంధ్ర ఇళ్లలో ఆర్కిడ్ల పెంపకం: వేరు స్వభావాన్ని బట్టి యాజమాన్యం

విజయనగరం జిల్లా మామిడి తోటల్లో చెట్లపై పెరిగే మొక్కలను తరచుగా ‘బదనిక’ అనే ఒకే పేరుతో వ్యవహరిస్తారు. ఈ పేరు కింద రెండు భిన్నమైన మొక్కలు ఉన్నాయి. మొదటిది డెండ్రోఫ్తే ఫాల్కేటా. ఇది కొమ్మలోనికి చూషకాలను చొప్పించి నీటిని, లవణాలను గ్రహించే పాక్షిక పరాన్నజీవి. దీనిని కొమ్మతో సహా కోసి తొలగించాలి. రెండవది వాండా టెస్సెలేటా అనే ఆర్కిడ్. ఇది బెరడును ఆధారంగా పట్టుకొని నిలిచే వృక్షోపజీవి మాత్రమే. చెట్టు నుంచి ఆహారం తీసుకోదు. విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కలపై వెలువరించిన గ్రంథంలో దీనిని ఎపిడెండ్రం టెస్సెలేటమ్ పేరుతో వర్ణించారు.

పేరు ఒకటే కావడంతో తోటలో హాని చేయని ఆర్కిడ్‌ను కూడా గీకివేస్తారు. ఇంట్లో పొరపాటు మరో విధంగా జరుగుతుంది. కొని తెచ్చిన ఆర్కిడ్‌ను మట్టి నింపిన కుండీలో నాటి, ప్రతిరోజూ నీరు పోస్తారు. కొద్ది వారాల్లోనే వేళ్లు కుళ్లి మొక్క చనిపోతుంది. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఆర్కిడ్ వేరు పనితీరు తెలియకపోవడమే.

వేరు నిర్మాణం

వృక్షోపజీవి ఆర్కిడ్ల వేరు చుట్టూ వెలామెన్ అనే మృతకణాల పొర స్పాంజి వలె ఉంటుంది. వాన పడగానే ఇది నీటిని పీల్చుకొని, తరువాత గాలికి ఆరుతుంది. ఆరినప్పుడు వెండి తెలుపుగానూ, తడిసినప్పుడు ఆకుపచ్చగానూ కనిపిస్తుంది. నీరు ఎప్పుడు ఇవ్వాలో ఈ రంగే తెలుపుతుంది.

రకాల ఎంపిక

తీర మండలాల ఉక్క వాతావరణానికి డెండ్రోబియం సంకరాలు, వాండాలు అనుకూలం. ఫెలనాప్సిస్‌లో పూకాడ రావడానికి కొన్ని వారాలపాటు రాత్రి ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ ప్రాంతపు రాత్రులు ఆ చల్లదనాన్ని సహజంగానే ఇస్తాయి. సింబిడియం వంటి శీతల ప్రాంతపు రకాలు ఇక్కడ ఆకులు వేసినా పూయడం అరుదు.

మాధ్యమం, నీరు, ఎరువు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో విరివిగా లభించే కొబ్బరి డొక్క మంచి మాధ్యమం. 2–3 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, నీరు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెడితే టానిన్లు, లవణాలు తొలగుతాయి. వీటికి బొగ్గు, ఇటుక ముక్కలు కలిపి, ఎక్కువ రంధ్రాలున్న కుండీలో నింపాలి. డొక్క కుళ్లి మెత్తబడినప్పుడు, సుమారు రెండేళ్లకు, పూత ముగిశాక మాధ్యమాన్ని మార్చాలి. వాండాకు మాధ్యమం లేకున్నా, చెక్క బుట్టలో వేలాడదీస్తే చాలు.

తీర గ్రామాల బోరు నీటిలో లవణాలు ఎక్కువగా ఉండవచ్చు కనుక నిల్వ చేసిన వాననీరు శ్రేయస్కరం. నీటిని ఉదయం వేళ ఇవ్వాలి. ఆకుల మధ్య మొవ్వులో నిలవనీయరాదు. ఎండాకాలంలో బుట్టలోని వాండాకు రోజూ నీరు అవసరం. ఎదుగుదల దశలో లీటరు నీటికి 1 గ్రాము చొప్పున 19:19:19 ఎరువును పది రోజులకొకసారి ఇవ్వవచ్చు. డెండ్రోబియం, వాండాలకు 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్, ఫెలనాప్సిస్‌కు తూర్పు కిటికీ సరిపోతాయి.

2018 అక్టోబరులో పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ వంటి తుఫాన్ల సమయంలో కుండీలను లోపలికి చేర్చాలి. గాలి హోరు కంటే రోజుల తరబడి ఆరని తడియే మొవ్వు కుళ్లుకు దారితీస్తుంది.

విస్తరణ సిబ్బంది బాధ్యత

ఆర్కిడ్ విత్తనంలో నిల్వ ఆహారం దాదాపు ఉండదు. ప్రకృతిలో శిలీంధ్రం తోడ్పాటు లేనిదే అది మొలకెత్తదు. అందువలన కొండల నుంచి పెరికి తెచ్చిన మొక్క స్థానం సులభంగా భర్తీ కాదు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం పరిధిలో ఉంది. ఇంటి పెంపకానికి కణజాల వర్ధనం ద్వారా పెంచిన మొక్కలనే సిఫారసు చేయాలి.

క్షేత్ర సందర్శనల్లో మామిడి చెట్టుపై పరాన్నజీవిని, ఆర్కిడ్‌ను పక్కపక్కన చూపి తేడా వివరించాలి. గాలికి విరిగిపడిన తోట కొమ్మపై వాండా కనిపిస్తే పారవేయక, పెరటి చెట్టు నీడలో కొబ్బరి తాడుతో కట్టమని సూచించాలి. కొత్త వేళ్లు బెరడును పట్టుకున్న తరువాత ఆ తాడు అవసరం కూడా ఉండదు.