ముడివేసిన సంచి

పిల్లలూ! ఆవు మేత మేస్తుండగా ఎప్పుడైనా దగ్గిర నిలబడి చూశారా? ఈసారి శ్రద్ధగా చూడండి. ఆవుకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు. వాటికి బదులు అక్కడ గట్టి చిగుళ్ళుంటాయి. అందుచేత ఆవు నాలుక చాచి, గడ్డిని చుట్టి, నోట్లోకి లాక్కుంటుంది. మనం అన్నంలో రాయి ఏరి పారేసినట్టు అది ఏరలేదు. నాలుకకు అందినదాన్ని సరిగా నమలకుండానే మింగేస్తుంది. తరవాత ఏ చెట్టు నీడనో పడుకుని, తీరిగ్గా నెమరు వేస్తుంది.

ఆవు కడుపులో నాలుగు అరలున్నాయి. మొదటి అర చాలా పెద్దది, గంగాళమంత ఉంటుంది. మింగిన మేత ముందు అందులోకే పోతుంది. అక్కడ కోట్లకొద్దీ సూక్ష్మజీవులు దాన్ని నానబెట్టి, పులియబెట్టి, మెత్తపరుస్తాయి. బాగా నలిగి మెత్తనైనది మాత్రమే ముందు అరల్లోకి సాగిపోతుంది. నలగనిది అక్కడే ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇప్పుడు మీకు గంగి కథ చెబుతాను.

గంగి మా వీధిలో పాలుపోసే అవ్వగారి ఆవు. తెల్లని ఆవు, నుదుట గోధుమరంగు మచ్చ. పొద్దున పాలు పితికాక అవ్వ దాన్ని వదిలేది. అది వీధి అంతా తిరిగి, సాయంత్రం పిలవకుండానే ఇంటికి వచ్చేది.

కొన్నేళ్ళ కిందట మేము నలుగురం పొరుగూరి పెళ్ళికి రైల్లో వెళ్ళివచ్చాం. ప్రయాణంలో ఏం కొన్నామో తరవాత లెక్క వేసుకుంటే నాకే ఆశ్చర్యం కలిగింది. మంచినీళ్ళ సీసాలు ఆరు. టీ తాగిన కప్పులు ఎనిమిది. ఇడ్లీల పొట్లాలు నాలుగు, వాటితో చట్నీ పోసి కట్టిన చిన్న సంచులు నాలుగు, సాంబారుకు మరి నాలుగు. పెరుగన్నం డబ్బాలు రెండు, చెంచాలు రెండు. వీటన్నిటినీ పట్టుకోవటానికి రెండు పెద్ద సంచులు. ఒక పగటి ప్రయాణానికి ముప్ఫైరెండు వస్తువులు! వీటిలో ఏ ఒక్కటీ మా చేతిలో గంటసేపు ఉండలేదు.

ఇంటికి చేరాక, మిగిలిన పెరుగన్నమూ, చట్నీ సంచులూ అన్నీ ఒకే సంచిలో వేశాను. ఈగలు ముసరకుండా మూతి బిగించి రెండు ముడులు వేశాను. మనిషి శుభ్రంగా ఉండాలని నలభై ఏళ్ళపాటు పిల్లలకు చెప్పినవాణ్ణి కదా! ఆ సంచిని తీసుకుపోయి వీధి చివర చెత్తకుండీ పక్కన పెట్టి వచ్చాను. కాసేపటికి మా మనవడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"తాతయ్యా! గంగి మన సంచి తినేసింది!" అన్నాడు.

"సంచిలో అన్నం తిని ఉంటుందిలే," అన్నాను.

"కాదు తాతయ్యా, సంచితో సహా తినేసింది. దానికి ముడి విప్పటం రాదుగా!" అన్నాడు వాడు.

నిజమే. పెరుగన్నం వాసన దానికి తెలుస్తుంది. కాని ముడి విప్పటానికి దానికి చేతులు లేవు. నేను ముడి వెయ్యకపోతే అది అన్నం తిని సంచిని వదిలేదేమో! శుభ్రత అనుకుని నేను చేసిన పని ఆవుకు తప్పించుకునే దారి లేకుండా చేసింది. అయినా అప్పుడు నేను ఆ మాట అంతగా పట్టించుకోలేదు.

కొన్ని నెలలు గడిచాయి. గంగి మేత మానేసింది. చిక్కి ఎముకలు కనపడుతున్నాయి గాని, ఎడమవైపు డొక్క మాత్రం ఉబ్బి ఉన్నది. పశువుల డాక్టరుగారు వచ్చి డొక్కమీద చెయ్యి వేసి నొక్కి చూసి, "కడుపు నిండా ఉన్నది, కాని మేత కాదు," అన్నారు. మత్తుమందు ఇచ్చి, ఎడమ డొక్క కోసి, ఆ పెద్ద అరలో చెయ్యి పెట్టి తీయటం మొదలుపెట్టారు. సంచులు, సంచులు, సంచులు! ఒకదానితో ఒకటి పేనుకుపోయి, తాళ్ళలాగా వచ్చాయి. రెండు గంపలు నిండాయి. కొన్నిటికి వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి.

కడుపు నిండుగా ఉన్నట్టు తోచటం చేత ఆవుకు ఆకలి తెలియలేదు. మేతకు చోటు లేక అది ఎండిపోతున్నది. నేను కట్టిన సంచి ఆ గంపల్లో ఉన్నదని చెప్పలేను. లేదని కూడా చెప్పలేను. అవ్వ నన్నేమీ అనలేదు. నేనే ఆమె మొహం చూడలేకపోయాను.

గంగి బతికింది. మూడోరోజున రెండు పచ్చగడ్డి పరకలు నమిలింది. కాని అన్ని ఆవులకూ ఇంత అదృష్టం ఉండదు. మన పుట్టపర్తిలో కరుణా సొసైటీ అనే సంస్థ ఉన్నది. అక్కడివారు ఇట్లాంటి ఆవులను చూసి చూసి, 2012లో ఈ బాధను సుప్రీం కోర్టుదాకా తీసుకువెళ్ళారు. ఇది ఒక్క మా వీధి సంగతి కాదన్నమాట.

ఇంతకూ ఈ సంచి ఎక్కడినుంచి వచ్చింది? 1933లో ఇంగ్లండులో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు ఇథిలీన్ అనే వాయువును గొప్ప ఒత్తిడిలో వేడిచేస్తూ వేరేదో ప్రయోగం చేస్తున్నారు. అనుకోకుండా పాత్రలో తెల్లని మైనంవంటి పదార్థం మిగిలింది. అదే పాలిథీన్. రెండవ ప్రపంచయుద్ధంలో రాడార్ తీగలకు తొడుగుగా అది ఎంతో ఉపయోగపడింది. 1965లో స్వీడన్ దేశపు ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్ తయారుచేసిన సంచికి పేటెంటు వచ్చింది. ఒకే పొరతో చేసి, పిడులు కూడా అందులోనే ఉండే చేతిసంచి అది. మన బజార్లలో కనిపించే సంచి దాని సంతానమే.

ప్లాస్టిక్ చెడ్డదని నేననను. ఆస్పత్రిలో సెలైను సీసా, సూదిమందు గొట్టం దానితో చేసినవే. అవి ప్రాణాలు కాపాడుతున్నాయి. దాని గొప్పగుణం చెడిపోకపోవటం. పాలిథీన్‌లో కార్బన్ అణువులు పొడుగాటి గొలుసులుగా అల్లుకుని ఉంటాయి. అరిటాకును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఈ గొలుసులను తెంచలేవు. ఎండకు అది పెళుసెక్కి ముక్కలవుతుంది, ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి, అంతేగాని మన్నులో మన్నుగా మారిపోదు. ఎన్నో ఏళ్ళు ఉండవలసిన వస్తువుకు ఇది మంచిగుణం. పది నిమిషాలు చట్నీ పట్టుకుని ఉండటానికి ఇంత గట్టి పదార్థం దేనికి? తప్పు పదార్థంలో లేదు, మనం దాన్ని వాడే తీరులో ఉన్నది.

గంగికి కుట్లు విప్పిన తరవాత మేము తిరుపతి ప్రయాణం కట్టాం. ఈసారి ముందురోజు రాత్రే సామాను సిద్ధం చేశాం. మనిషికొక స్టీలు నీళ్ళసీసా. మా అమ్మనాటి మరచెంబు ఒకటి అటకమీదినుంచి దించి, చింతపండుతో తోమి, దాన్నీ నింపాం. క్యారియరు నిండా పులిహోర, దద్దోజనం. నాలుగు స్టీలు గ్లాసులు, నాలుగు చెంచాలు, రెండు గుడ్డసంచులు, చెత్త వేసుకోవటానికి మూత ఉన్న ఖాళీ డబ్బా ఒకటి.

రైల్లో టీ అతను వచ్చాడు. "నాలుగు టీలు," అన్నాను. అతను చకచకా నాలుగు కప్పుల్లో పోశాడు. "బాబూ, కప్పులు వద్దు, మా గ్లాసులున్నాయి," అన్నాను. అతను సరేనని కప్పుల్లో టీని మా గ్లాసుల్లో వంచి, ఆ కప్పులను చెత్తలో వేసి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు! మా మనవడు పడీపడీ నవ్వాడు.

"తాతయ్యా, ముందు గ్లాసు చూపించాలి. తరవాత టీ అడగాలి," అన్నాడు.

చూశారా! ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నాకు వాడు పాఠం చెప్పాడు. ఏ దుకాణానికి పోయినా ఇదే సూత్రం. ముందు మన సంచి చాపాలి, తరవాత కూరగాయలు అడగాలి. ముందు మన గిన్నె ఇవ్వాలి, తరవాత సాంబారు పోయించుకోవాలి. కొట్టువాడు సంచిలో వేసి ఇచ్చాక వద్దంటే లాభం లేదు.

కాగితం కప్పు అయితే ఫరవాలేదు గదా అని మీరడగవచ్చు. ఒక కప్పును చింపి, రాత్రంతా నీళ్ళలో నానవెయ్యండి. పొద్దున కాగితాన్ని మెల్లగా ఒలిచి చూడండి. చాలా కప్పుల్లో లోపలివైపు పలచని ప్లాస్టిక్ పొర ఊడివస్తుంది. టీ కాగితాన్ని తడపకుండా ఆపేది ఆ పొరే.

తిరుమల కొండమీద 2022 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ నిషేధం అమలులోకి వచ్చింది. అక్కడ జలప్రసాదం కొళాయిల దగ్గిర మా సీసాలు నింపుకున్నాం. లడ్డూలకు మా గుడ్డసంచి పనికివచ్చింది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఎండకు నీళ్ళు అయిపోయి, పిల్లవాడికి దాహమైంది. ఒక సీసా కొన్నాం. అందుకు నేను చింతించలేదు. దాహానికి నీళ్ళు తాగవలసిందే. ఇంటికి వచ్చి డబ్బా విప్పి లెక్కపెడితే, ఆ సీసా, టీ కప్పులు కాకుండా, రెండు బిస్కట్ కాగితాలు ఉన్నాయి. కప్పులు నాలుగూ మేము అతని దగ్గిరే వదిలాం, అయినా లెక్కలో వెయ్యాలి కదా! ముప్ఫైరెండు ఏడయింది.

ఇంట్లో కూడా ఇట్లాగే లెక్క మొదలుపెట్టండి. ఒక వారం రోజులపాటు ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులన్నిటినీ కడిగి ఒక బుట్టలో వెయ్యండి. ఆదివారం నాడు అమ్మానాన్నలతో కూర్చుని రకరకాలుగా వేరుచేసి లెక్కపెట్టండి. అన్నిటికన్న ఎక్కువ ఏది వచ్చిందో చూడండి. ముందు దాన్ని ఒక్కదాన్నే తగ్గించండి. అన్నీ ఒకేసారి మానుతానన్నవాడు నాలుగోరోజున అన్నీ మళ్ళీ మొదలుపెడతాడు.

గుడ్డసంచి మంచిదని పది సంచులు కొనకండి. పత్తి పండటానికి నీళ్ళు కావాలి, నెయ్యటానికి శ్రమ కావాలి. పాత చీరతోనో, పంచెతోనో ఒకటి కుట్టించుకుని, చిరిగేదాకా వాడండి. అది గుమ్మం పక్కన మేకుకు వేలాడాలి. బీరువాలో ఉన్న సంచి బజారుకు రాదు.

ఇక ముఖ్యమైనది: అన్నం మెతుకులూ, కూరగాయల తొక్కలూ ఏనాడూ ప్లాస్టిక్ సంచిలో కట్టి పారెయ్యకండి. మన పెద్దవాళ్ళు వాకిట్లో కుడితికుండ పెట్టుకునేవారు. బియ్యం కడుగునీళ్ళు, తొక్కలు అందులో వేసేవారు. పాడిపశువు ఉన్న ఇల్లు దగ్గిరలో ఉంటే, పాడవని తొక్కలు అక్కడ ఇవ్వండి. లేకపోతే పెరటిలో గుంట తీసి ఎరువు చెయ్యండి. అదీ వీలుకాకపోతే మూత ఉన్న బకెట్టులో ఉంచి, తడిచెత్త బండిలో వంచెయ్యండి. ప్లాస్టిక్‌ను తగలబెట్టకండి. ఆ పొగ పీల్చటం ఒంటికి హాని.

చట్టం కూడా మన పక్షానే ఉన్నది. 2022 జూలై 1 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధించారు. అదే ఏడు డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకన్న పలచని చేతిసంచులు కూడా కూడదన్నారు. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు. అయినా పలచని సంచులు సంతలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. నీళ్ళసీసాలు ఆ నిషేధంలో లేనే లేవు. కాబట్టి మిగిలిన పని మనది.

ఇప్పుడు మా ఇంట్లో తొక్కల బకెట్టు అవ్వగారింటికి తీసుకుపోయే పని మా మనవడిది. వాడు వీధి మలుపు తిరిగేసరికే గంగి మెడ ఎత్తి చూస్తుంది. వాడు బకెట్టును తొట్టిలో వంచే ముందు, చెయ్యి పెట్టి అడుగుదాకా కలియబెట్టి, ప్లాస్టిక్ ముక్క ఏదైనా ఉన్నదేమో చూస్తాడు. ఆ పని చెయ్యమని వాడికి ఎవరూ చెప్పలేదు.