రంజాన్ నెలలో ఇంటిపని, పెరటిపని: ఎవరి వంతు ఎంత?

రంజాన్ దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో రెండు లెక్కలు మొదలవుతాయి. ఒకటి జకాత్ లెక్క. బంగారం ఎంత, బ్యాంకులో ఎంత, రావలసిన బాకీలు ఎంత అని కూర్చుని కాగితం మీద వేసుకుంటాం. రెండోది ఇంటిపని లెక్క. దీన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు. అది ఇంట్లో ఆడవాళ్ల నడుముల మీదనే నడిచిపోతుంది. ఈసారి సంచికలో ఆ రెండో లెక్కను కూడా కాగితం మీదికి తెద్దామని మా ప్రయత్నం. మేము బడిపంతుళ్లం. ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాళ్లం. అందువల్ల మా చూపు ఎటు తిరిగినా చివరికి పిల్లల దగ్గరికే వస్తుంది. దాతలు, పెద్దలు మన్నించాలి.

ముందు క్యాలెండరు సంగతి. చంద్రమానం ప్రకారం నడిచే హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులు. అంటే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. 2030లో అయితే జనవరిలో ఒకటి, డిసెంబరు చివర మరొకటి, ఒకే ఏడాదిలో రెండు రంజాన్లు మొదలవుతాయి. ఇక ఈ మధ్య కొన్నేళ్లుగా రంజాన్ సరిగ్గా పరీక్షల కాలంలో వచ్చింది. 2025లో మార్చి 2న ఉపవాసాలు మొదలైతే, ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు మార్చి 17న మొదలయ్యాయి. మార్చి 31 పండుగ కావడంతో సాంఘికశాస్త్రం పరీక్ష ఏప్రిల్ 1న జరిగింది. అంటే పండుగ నాడు షీర్ ఖుర్మా గిన్నెలు తోముతూ రాజ్యాంగం పాఠం నెమరు వేసుకున్న పిల్లలు ఉన్నారన్నమాట. 2027లో రంజాన్ ఫిబ్రవరి రెండో వారానికి జరుగుతుంది. అది ప్రీఫైనల్ పరీక్షల కాలం, ఇంటర్ పిల్లల ప్రాక్టికల్స్ కాలం. కనుక ఈ ముడి ఇంకా పూర్తిగా విడిపోలేదు.

ఇక పని ఎవరు చేస్తున్నారనే విషయం. 2024లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఆ పని మీద గడిపినట్టు తేలింది. అంటే ఒకరు దాదాపు ఐదు గంటలు, ఇంకొకరు గంటన్నర. ఇది మామూలు రోజుల సంగతి. రంజాన్‌లో తెల్లవారుజామున మూడున్నరకు సెహ్రీ వంట, సాయంత్రం ఇఫ్తార్ వంట, తరావీహ్ తరువాత మళ్లీ భోజనం, మూడుసార్లు గిన్నెలు. ఈ లెక్క ఎక్కడిదాకా పోతుందో చదివేవారే ఊహించుకోవచ్చు.

మా తరగతిలో సమయపాలన గురించి చెప్పేటప్పుడు పిల్లల చేత ఒక రోజు దినచర్య గంటల వారీగా రాయిస్తాం. ఉపవాసాల్లో రాసిన కాగితాలు చూస్తే కొన్ని ఇళ్ల సంగతి కళ్లకు కడుతుంది. ఆడపిల్ల మూడు గంటలకు లేస్తుంది, అమ్మతో కలిసి రొట్టెలు చేస్తుంది, ఫజ్ర్ నమాజు తరువాత గిన్నెలు తోమి వాకిలి ఊడుస్తుంది. అదే ఇంట్లో మగపిల్లవాడి కాగితంలో 'సెహ్రీ తిన్నాను, నమాజు చదివాను, ఎనిమిది దాకా పడుకున్నాను' అని ఉంటుంది. పరీక్షా కేంద్రంలో ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు. తెలివైన పిల్ల మార్కులు తగ్గితే ఇంట్లో 'రోజాలుండి నీరసపడింది' అంటారు. రోజా వల్ల కాదు, నిద్ర చాలక అని మేము ఇంటికి వెళ్లి చెబితే తల్లులు వెంటనే ఒప్పుకుంటారు. వాళ్లకు తెలియనిది కాదు. తండ్రులకే కొంచెం సమయం పడుతుంది.

ఇందులో ధర్మం ఏం చెబుతుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనిలో సాయంగా ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. జుమా ప్రసంగాల్లో ఇది ఇంకా తరచుగా వినిపించాలని మాకు ఉంటుంది. మన మగవాళ్లకు వంట రాదనడం కూడా నిజం కాదు. మసీదులో మూడు వందల మందికి గంజి కాచే చేతులే ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో వెతుక్కుంటాయి. ముస్లిం ఉద్యోగులకు రంజాన్‌లో సాయంత్రం గంట ముందుగా ఇంటికి వెళ్లే వెసులుబాటును మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు ఇస్తూ వస్తున్నాయి. ఆ గంట సరిగ్గా అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య పడుతుంది. వంటింట్లో ఊపిరాడని గంట అదే. పండ్లు కోయడం, షర్బత్ కలపడం, దస్తర్‌ఖాన్ పరచడం, మంచినీళ్లు నింపడం, ఇవి ఆ గంటలో ఇంటి మగవాళ్ల పనులుగా స్థిరపడితే పొయ్యి దగ్గర ఉన్నవాళ్లకు దువా చేసుకునే తీరిక దొరుకుతుంది.

ఇప్పుడు పనిని తగ్గించుకునే మార్గాలు. మొదటి సూత్రం, రంజాన్ పని రంజాన్‌లో మొదలుపెట్టకూడదు. బూజులు దులపడం, పరదాలు ఉతకడం, అటక మీది పెద్ద గిన్నెలు దించి తోమడం, సున్నం వేయించుకునేవారైతే అది కూడా, షాబాన్ నెలలో షబె బరాత్ లోపలే అయిపోవాలి. చాలా ఇళ్లలో ఇరవయ్యో రోజా దాటాక, 'పండుగ వస్తోంది' అని గోడలు కడగడం మొదలుపెడతారు. ఏడాదిలో అత్యంత విలువైన పది రాత్రులు అవి. వాటిని చీపురు చేతిలో పట్టుకుని గడపడం ఏం న్యాయం?

వంటింట్లో ముందుగా చేసిపెట్టుకోదగినవి మన తల్లులకు మేము చెప్పనక్కర లేదు. అల్లం వెల్లుల్లి ముద్ద కాస్త ఉప్పూ నూనే కలిపి గాజుసీసాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు వారాలకు ఢోకా లేదు. గరం మసాలా, దోరగా వేయించిన సేమియా, వేయించి ఆరబెట్టిన ఉల్లిపాయలు, చింతపండు గుజ్జు అన్నీ ఆ కోవలోవే. మేము నొక్కి చెప్పదలచింది వేరే ఉంది. ఇఫ్తార్‌కు రోజూ నాలుగు రకాల వేపుళ్లు ఎవరు అడిగారు? ఖర్జూరం, పండు, ఉడికించి తాలింపు వేసిన శనగలు, గంజి. వారంలో ఐదు రోజులు ఇంతే అనుకుని, బజ్జీలు, సమోసాలు రెండు రోజులకు పరిమితం చేస్తే నూనె గిన్నెలు తోమే బాధ సగం పోతుంది, కడుపులో మంట కూడా తగ్గుతుంది. విడివిడి పళ్లేలకు బదులు నలుగురూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చునే పాత పద్ధతికి మళ్లితే కడగాల్సినవి ఇంకా తగ్గుతాయి.

పనిని ఏ వేళ చేయాలన్నది కూడా ముఖ్యమే. ఒంట్లో సత్తువ ఉండేది సెహ్రీ తరువాత. ఊడవడం, బట్టలు ఉతకడం, మొక్కలకు నీళ్లు పోయడం వంటి ఒళ్లు వంచే పనులు ఫజ్ర్ అయిన గంటలో ముగించి, తరువాత కాసేపు పడుకోవాలి. మధ్యాహ్నం కూర్చుని చేసే పనులు పెట్టుకోవాలి. బియ్యం ఏరడం, బట్టలు మడతపెట్టడం, గుండీలు కుట్టడం. ఎండలో నిలబడి చేసే పని రోజాలో దాహాన్ని పెంచుతుంది తప్ప మరేమీ లేదు. ఉతుకుడు వారానికి రెండు రోజులు చాలు. ఇల్లు రోజుకు ఒకసారి ఊడిస్తే చాలు, రెండుసార్లు ఊడ్చే అలవాటు ఈ ఒక్క నెల మానుకున్నందువల్ల మునిగిపోయేదేమీ లేదు.

పెరటి సంగతికి వద్దాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేపచెట్టు ఆకు రాల్చి చిగురు తొడుగుతుంది. వాకిట్లో వేపచెట్టు ఉన్న ఇంట్లో ఆ నెలంతా ఊడ్చిందే ఊడవాలి. మా సలహా ఏమిటంటే, నడిచే దారి వరకే ఊడ్చి, మిగతా ఆకును మొక్కల మొదళ్లలో నాలుగు వేళ్ల మందాన పరచండి. ఎండాకాలంలో అది తేమను పట్టి ఉంచుతుంది, రోజు విడిచి రోజు నీళ్లు పోసినా మొక్క తట్టుకుంటుంది. ఆకును తగలబెట్టకండి. ఆ పొగ పక్కింటి ఉపవాసికి దగ్గు తెప్పిస్తుంది. పుచ్చకాయ తొక్కలు, అరటి తొక్కలు, నానబెట్టిన పప్పుల పొట్టు పెరటి మూల ఒక గుంటలో వేసి, పైన ఎండాకు ఒక పొర, మళ్లీ తొక్కలు, మళ్లీ ఆకు, ఇలా వేస్తూ పోతే వాసన రాదు. మూడు నాలుగు నెలల్లో ఎరువవుతుంది. ఎముకలు, మాంసం ముక్కలు మాత్రం అందులో వేయకూడదు. కుక్కలూ ఎలుకలూ తవ్విపోస్తాయి.

వజూ నీళ్లలో సబ్బు ఉండదు. ఐదుగురున్న ఇంట్లో రోజుకు ఐదుసార్లు వజూ అంటే పాతిక సార్లు. ఆ నీళ్లను ఒక చిన్న కాలువతో అరటి మొదలుకో కరివేపాకు మొక్కకో మళ్లిస్తే విడిగా నీళ్లు పోసే పని తప్పుతుంది. ప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీళ్లతో వజూ చేసేవారని హదీసులు చెబుతాయి. అంటే లీటరు కంటే తక్కువే. మనం కొళాయి తిప్పి వదిలేసే నీళ్లు చూస్తే పెరడు తడవడం పెద్ద కష్టం కాదనిపిస్తుంది.

ఒక పని మాత్రం ఎంత తీరిక లేకపోయినా వాయిదా వేయకూడదు. నీళ్లు నిలవ ఉండే పాత్రలు వారానికి ఒకసారి పూర్తిగా వంచి, తోమి, ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. వారం లోపు వంచేస్తే పిల్లపురుగు దశలోనే పోతుంది. శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమని ఆరోగ్య సిబ్బంది చెబుతుంటారు. జుమా స్నానానికి ముందు ఈ పని ఇంట్లో మగపిల్లలకు అప్పగిస్తే మరచిపోయే ప్రసక్తి ఉండదు. ఫ్రిజ్ వెనక పళ్లెం, పూలకుండీల కింది మూకుళ్లు, మేడ మీది పాత టైర్లు చూడమని ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పకపోతే చూడరు.

బక్రీద్‌కు వంట కన్నా పెరటిపనే ఎక్కువ. మూడు రోజుల కుర్బానీ కాలంలో, సొంత పెరడున్నవారు ముందు రోజే నడుము లోతు గుంట తవ్వి సున్నం సిద్ధంగా పెట్టుకోవాలి. వ్యర్థాలు వేశాక సున్నం చల్లి మట్టితో గట్టిగా కప్పాలి. నెత్తుటి మరకలను ముందు చన్నీళ్లతోనే కడగాలి, వేడినీళ్లు పోస్తే మరక పట్టుకుపోతుంది. ఆ తరువాత బ్లీచింగ్ పౌడరు. దాన్ని మరుగుదొడ్డి యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, ప్రాణాంతకమైన వాయువు వస్తుంది. పెరడు లేనివారు మునిసిపాలిటీ వాళ్ల బండికే ఇవ్వాలి తప్ప కాలువలో వేయకూడదు. మరుసటి వారం వాన కురిస్తే ఆ కాలువ పొంగేది మన వీధిలోనే.

ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి గురించి కూడా చెప్పాలి. చాలా ఇళ్లలో ఆమె కూడా రోజా ఉంటుంది. ఇఫ్తార్ వేళకు ఆమె తన పిల్లల దగ్గర ఉండేలా అస్ర్ లోపే పంపించాలి, జీతంలో కోత పెట్టకుండా. పండుగ బట్టలకు ఇవ్వదలచింది ఇరవయ్యో రోజాకే ఇస్తే కుట్టించుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడ దాతలు గమనించవలసిన మసలా ఒకటుంది. ఆమె అర్హురాలైతే జకాత్ ఇవ్వవచ్చు. కానీ జకాత్ సొమ్మును జీతం కింద జమ కట్టకూడదు. చేయించుకున్న పనికి కూలి వేరు, జకాత్ వేరు.

చివరగా మన సొసైటీ రేషన్ కిట్ల విషయం. కిట్టు రంజాన్ మొదటి వారంలో అందితే పేద ఇంట్లో శనగలు బాగుచేసుకోవడం, మిరపకాయలు ఎండబెట్టి పొడి కొట్టించుకోవడం అంతా ఉపవాసంలోనే పడుతుంది. అదే షాబాన్ ఇరవయ్యో తేదీ లోపు అందితే ఆ పనులు ముందే అయిపోతాయి. అందుకు చందాలు రజబ్ నెలలోనే చేరాలి. పదో తరగతి, ఇంటర్ ఆడపిల్లలున్న ఇళ్ల కిట్లలో మిరపకాయలకు బదులు కారం పొడి, గోధుమలకు బదులు పిండి, వేయించిన సేమియా పెట్టాలని మా కోరిక. ఖర్చు కొంచెం పెరుగుతుంది, కానీ ఒక్కొక్క ఇంట్లో పిల్లకు రోజుకు గంట మిగులుతుంది. అటువంటి ఇళ్ల జాబితాను మేము బడుల నుంచి సేకరించి రజబ్ నెలాఖరుకు కమిటీకి అందజేస్తాం. పరీక్షలయ్యే దాకా ఇషా తరువాత రెండు గంటలు చదువుకోవడానికి ఆడపిల్లలకు ఒక గది, ఒక ఫ్యాను, తిరిగి ఇంటికి దింపడానికి ఒక నమ్మకమైన ఆటో కావాలి. గది ఇవ్వగలిగినవారు ముందుగా చెబితే, కరెంటు బిల్లు, ఆటో కిరాయి సంగతి కమిటీతో మాట్లాడి మేము చూసుకుంటాం.