మందుల షీటుపై ఎర్ర గీత, పటంపై కథ

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో, ఖరిదా వంటి పేటల్లో తెలుగు, బెంగాలీ, హిందీ ఒకే వీధిలో వినిపిస్తాయి. ఇంట తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో వేరే లిపి నేర్చుకోవడమూ కద్దు. ఇటువంటి చోట ఆరోగ్య హెచ్చరికను ఏ భాషలో రాయాలన్నది చిన్న ప్రశ్న కాదు. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల విషయంలో అది మరింత జటిలం. ఇక్కడ అడ్డంకి లిపి ఒక్కటే కాదు, అపోహ కూడా.

“ఒంటికి మందు అలవాటు పడిపోయింది” అనే మాట తరచుగా వినబడుతుంది. వాస్తవానికి మందును తట్టుకునే శక్తి వచ్చేది శరీరానికి కాదు, బ్యాక్టీరియాకు. మందు సోకినప్పుడు బలహీనమైనవి నశించి, తట్టుకోగలిగినవి మిగిలి వృద్ధి చెందుతాయి. ఆ శక్తిని ఇతర బ్యాక్టీరియాకూ అందించగలవు. కనుక ఎన్నడూ యాంటీబయాటిక్ వాడని వ్యక్తికి సైతం అటువంటి మొండి జబ్బు అంటుకోవచ్చు. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు ఈ నిరోధకత నేరుగా కారణమైందని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. అయినా కంటికి కనబడని శత్రువు గురించి ఎంత చెప్పినా భయం కలగదు. బొమ్మ అవసరమయ్యేది అక్కడే.

మన దేశంలో ఈ దిశగా జరిగిన ప్రయత్నాల్లో అతి సరళమైనది ఎర్ర గీత. వైద్యుని చీటీ లేకుండా వాడరాదని తెలిపే ఆ నిలువు గీతను గుర్తించండంటూ కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం ప్రారంభించింది. ఆలోచన మంచిదే. అయితే అర్థం ముందే తెలిసినవారికే గుర్తు మాట్లాడుతుంది. షీటు నుంచి రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చే దుకాణంలో ఆ గీత కొనుగోలుదారు చేతికి చేరకపోవచ్చు. యాంటీబయాటిక్ కాని ఇతర మందులపైనా అది ఉంటుంది. కేరళలో 2024లో యాంటీబయాటిక్‌లను ప్రత్యేక నీలిరంగు కవర్లలో ఇచ్చే పద్ధతి తేవడం ఈ లోటును కొంత పూడ్చే ఆలోచనే.

గుర్తుకు కథ తోడైతే ఫలితం వేరు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ 2018లో ‘సూపర్‌హీరోస్ అగైనెస్ట్ సూపర్‌బగ్స్’ కార్యక్రమం ప్రారంభించింది. అందులో పిల్లలే మొండి సూక్ష్మజీవులతో పోరాడే వీరులను సృష్టించి కామిక్‌లు గీశారు. బొమ్మ గీయాలంటే శత్రువు ఎవరో తేల్చుకోక తప్పదు; అపోహకు అక్కడే తెరపడుతుంది.

ఖరగ్‌పూర్‌కు ఇటువంటి కళ దూరం కాదు. అదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, పింగ్లా సమీపాన ఉన్న నయా గ్రామ పటచిత్రకారులు పొడవాటి పటాన్ని విప్పుతూ, ఒక్కో బొమ్మను వేలితో చూపుతూ పాడతారు. పురాణ గాథలతోపాటు హెచ్‌ఐవి, సునామీ కూడా వారి పటాలకు ఎక్కాయి. 2020లో స్వర్ణ చిత్రకార్ కరోనాపై పటం గీసి పాట కట్టారు. తెలంగాణలో చేర్యాల నకాశీ పటాలు ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

దుకాణంలో చీటీ లేకుండా కొన్న మాత్రలు, జలుబుకు అక్కరలేకున్నా మింగిన యాంటీబయాటిక్, మిగిలిపోయిన మొండి క్రిములు, అవి సోకిన పొరుగింటి పసిబిడ్డ: ఒక పటానికి ఈ నాలుగు బొమ్మలు చాలు. నయాలో ‘పట్ మాయా’ ఉత్సవం జరిగేది నవంబరులో. యాంటీబయాటిక్ నిరోధకతపై ప్రపంచ అవగాహన వారం కూడా అదే నెల 18 నుంచి 24 వరకు.