కారు మనది, గోడ అందరిదీ

పెట్రోలు కారు కొనాలంటే బ్యాంకు ఒప్పుకుంటే చాలు. అపార్టుమెంటులో ఉంటూ విద్యుత్ కారు కొనాలంటే ఇరుగుపొరుగు కూడా ఒప్పుకోవాలి. బెంగుళూరు, చెన్నై, పుణె, భువనేశ్వర్ వంటి నగరాలలో మనవాళ్ళు చాలామంది ఇటువంటి సముదాయాలలోనే ఉంటున్నారు. కారు నిలిపే చోటు మనకు కేటాయించినదే. అయితే మీటరు గదినుంచి అక్కడిదాకా వైరు వెళ్ళే గోడ, పైకప్పు ఉమ్మడి ఆస్తి. అందుకే సంఘం అనుమతి కావాలి. ఏళ్ళ తరబడి కలిసి పండుగలు చేసుకున్న కుటుంబాలమధ్య కూడా ఈ అనుమతి దగ్గర మనస్పర్థలు వస్తున్నాయి.

చట్టం ఏమంటుంది?

చట్టం చాలావరకు కారు కొనేవారి వైపే ఉంది. కొత్త భవనాలలో పార్కింగులో 20 శాతానికి చార్జింగు ఏర్పాట్లు ఉండాలని 2019లో కేంద్రం నమూనా భవన నిబంధనలను సవరించింది. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు వచ్చిన సవరణ ప్రకారం, వాహనం చార్జింగుకు విడిగా కనెక్షన్ కోరవచ్చు. మహానగరాలలో కొత్త కనెక్షన్ ఇచ్చే గడువును 7 రోజులనుంచి 3 రోజులకు తగ్గించారు కూడా. సంఘం ఒప్పుకోవడానికి మాత్రం ఆ నిబంధనలలో గడువేమీ లేదు. రూలు చూపించి నెగ్గినా, మర్నాడు అదే లిఫ్టులో అదే మనుషులతో ఎక్కాలి కదా!

మా సముదాయంలో జరిగింది

బెంగుళూరులో మేముంటున్న సముదాయంలో 48 ఇళ్ళు. కన్నడిగులు, తమిళులు, మనవాళ్ళు, కొందరు ఉత్తరాదివారు. మొదటి విద్యుత్ కారు కొన్న యువకుడి అర్జీ రెండే వాక్యాలు: చార్జరు పెట్టుకుంటాను, అనుమతించగలరు. కార్యవర్గం తిరస్కరించింది. సర్వసభ్య సమావేశంలో మాటామాటా పెరిగింది.

కాస్త నిదానంగా వింటే అభ్యంతరాలు మూడే. పింఛనుమీద బతికే ఒక పెద్దాయన ఉమ్మడి కరెంటు బిల్లు పెరిగి తమ నెలవారీ నిర్వహణ రుసుము పెరుగుతుందేమో అన్నారు. పార్కింగుకు సరిగ్గా పై ఇంటి ఇల్లాలు నిప్పంటుకుంటే ఎలా అన్నారు. ఈరోజు ఒకరు, రేపు పదిమంది అడిగితే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకుంటుందా అన్నది కార్యదర్శి ప్రశ్న.

అప్పుల దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగంలో నాకివి రోజూ ఎదురయ్యే ప్రశ్నలే. ఖర్చెవరిది? నష్టం వస్తే ఎవరిది పూచీ? ఇలాంటివే మరో పది వస్తే ఏం చేస్తాం? వీటికి కాగితం మీద జవాబు లేనిదే ఏ మేనేజరూ సంతకం పెట్టడు. మూడు నెలల తర్వాత ఆ యువకుడు జవాబులతోనే మళ్ళీ అర్జీ పెట్టాడు.

ఖర్చు: సొంత ఇంటి మీటరునుంచి వైరు లాగితే బిల్లు నేరుగా ఆ ఇంటివారికే వస్తుంది. మంజూరైన లోడు చాలకపోతే పెంచమని విద్యుత్ సంస్థను వారే కోరాలి. అది కుదరనిచోట ఉమ్మడి మీటరుకు సబ్‌మీటరు పెట్టి యూనిట్ల లెక్కన కట్టించుకోవచ్చు. వైరు, కూలి ఖర్చు కారు యజమానిదే.

భద్రత: నిప్పు భయాన్ని నవ్వి కొట్టిపారేయకూడదు. సన్నని వైరు, వదులు ప్లగ్గు గంటల తరబడి 15 ఆంపియర్లు మోస్తే వేడెక్కుతాయి. అందుకని తగిన మందంగల ప్రత్యేక వైరు, ఎమ్‌సీబీ, కరెంటు లీకైతే క్షణంలో ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు, లైసెన్సున్న కాంట్రాక్టరు ధ్రువపత్రం ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. భవనానికి బీమా ఉంటే ఆ కంపెనీకి లిఖితపూర్వకంగా తెలపాలి.

రేపటి సంగతి: చిన్న విద్యుత్ కారు యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్లు నడుస్తుంది. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే 6 యూనిట్లు చాలు. 3.3 కిలోవాట్ల చార్జరుతో అది రెండు గంటల పని. పది కార్లు ఒకేసారి పెడితే 33 కిలోవాట్లు కావాలి. రాత్రి 11నుంచి ఉదయం 7దాకా మూడేసి కార్లు వంతులవారీగా పెట్టుకుంటే 10 కిలోవాట్లతో గడిచిపోతుంది. ఈ ఒక్క లెక్కతో కార్యదర్శి గారి సందేహం సగం తీరింది.

సర్వసభ్య సమావేశం షరతులతో ఆమోదించింది. ఏటా ఒకసారి కారు యజమాని ఖర్చుతో ఎలక్ట్రీషియన్ తనిఖీ ఉండాలని పై ఇంటి ఇల్లాలు కోరారు. సబ్‌మీటర్లు పెడితే వాటి రీడింగు అందరికీ తెలియాలని పెద్దాయన పట్టుబట్టారు. ఇప్పుడు అయిదు కార్లున్నాయి. వాటిలో రెండు సబ్‌మీటర్లమీద నడుస్తున్నాయి. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ పెద్దాయనే రీడింగులు రాసి నోటీసు బోర్డులో అంటిస్తున్నారు.

మన పాఠకులలో విద్యుత్ కారు కొనే ఆలోచన ఉన్నవారికి ఒక మనవి. అద్దె ఇంట్లో ఉంటే ముందుగా ఇంటి యజమాని సమ్మతి పత్రం తీసుకోండి. షోరూములో అడ్వాన్సు కట్టేలోగా ఒక ఆదివారం కార్యదర్శి గారింటికి వెళ్ళి, పై మూడు ప్రశ్నలకూ జవాబులు రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టండి. పక్కింటివారికి కూడా ఒక నకలు ఇవ్వండి. చట్టంలోని హక్కు ఎక్కడికీ పోదు. దాన్ని ప్రయోగించవలసిన అవసరం రాకుండా పని జరిగితే అందరికీ మంచిది.