వలెను - కూడదు - అక్కరలేదు

ఒక పని తప్పక చేయవలెనని చెప్పుటకు ఆంగ్లభాషలో 'మస్ట్' అను సహాయక క్రియను వాడుదురు. 'యూ మస్ట్ గో' అనగా 'నీవు వెళ్ళవలెను' అని యర్థము. దీనికి 'నాట్' చేర్చినప్పుడే చిక్కు కలుగుచున్నది.

'వెళ్ళవలెను' అనుదానికి వ్యతిరేకము 'వెళ్ళనక్కరలేదు' గదా యని తలచి, తెలుగు విద్యార్థులు పలువురు 'యూ మస్ట్ నాట్ గో' అని వ్రాయుదురు. కాని దాని యర్థము 'నీవు వెళ్ళకూడదు' అని. ఇచ్చట 'నాట్' అనునది విధిని తొలగింపదు, వెళ్ళుటను నిషేధించును. అనగా వెళ్ళకుండుటయే విధి యగుచున్నది. అక్కర లేదని చెప్పుటకు 'నీడ్ నాట్' అనియో, 'డు నాట్ హావ్ టు' అనియో వాడవలెను.

ఈ భేదము స్వల్పమని తలపరాదు. వైద్యుడు రోగితో 'ఈ మందు మీకిక అక్కరలేదు' అనుటకును, 'ఈ మందు మీరిక తీసికొనరాదు' అనుటకును ఎంత యంతరమున్నది! మొదటి మాట వినకున్నను కీడు లేకపోవచ్చును. రెండవ మాట మీరినచో ప్రాణాపాయమే కలుగవచ్చును.

'మస్ట్'కు మరియొక లోటు కలదు. నేటి ఆంగ్లమున దానికి వేరుగా భూతకాల రూపము లేదు. కావున 'నిన్న వెళ్ళవలసివచ్చెను' అనుటకు 'హాడ్ టు' అనియు, 'రేపు వెళ్ళవలసియుండును' అనుటకు 'విల్ హావ్ టు' అనియు వాడుదురు. చిత్రమేమనగా, 'మస్ట్' అనునదియే ప్రాచీనాంగ్లమున 'అనుమతి కలిగియుండుట' అను నర్థముగల క్రియ యొక్క భూతకాల రూపమునుండి పుట్టినది.

తెలుగున విధికి 'వలెను', నిషేధమునకు 'కూడదు', అవసరము లేమికి 'అక్కరలేదు' అని మూడు మాటలున్నవి. ఈ మూటిలో తన భావమేదో విద్యార్థి మున్ను నిశ్చయించుకొన్నచో ఆంగ్లమున పొరపాటు కలుగదు.